మీటర్ తిరగకపోయినా ఉప్పు పని చేస్తూనే ఉంటుంది: మూలన పడిన సిజర్ లిఫ్ట్‌ను మళ్లీ పనిలోకి దించిన అనుభవం

నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో, కృష్ణపట్నం పోర్టుకు దగ్గరలో ఉన్న ఒక వంటనూనెల రిఫైనరీలో నేను మెయింటెనెన్స్ పని చూస్తాను. పంపులు, కన్వేయర్లు, ప్యాకింగ్ మెషిన్లతో పాటు మనుషులను ఎత్తుకు తీసుకెళ్లే లిఫ్టులు కూడా నా కిందికే వస్తాయి. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు నుంచే మా వైపు గాలీ వానా ఎడతెగకుండా కొట్టాయి. మా గోడౌన్ పైకప్పు రేకులు కొన్ని లేచిపోయాయి, లోపల లైట్ల వైరింగ్ తడిసింది, నీటి గొట్టాల క్లాంపులు ఊడిపోయాయి. సంక్రాంతికి సరుకు నిండే లోపు ఇదంతా బాగు చేయాలి. ఎత్తులో పని కాబట్టి అందరికీ ముందు గుర్తొచ్చింది గోడౌన్ వెనక మూలన చాలా కాలంగా నిలబడి ఉన్న బ్యాటరీ సిజర్ లిఫ్ట్.

సిజర్ లిఫ్ట్ చూడనివాళ్ల కోసం ఒక మాట. కింద నాలుగు చక్రాల బండి, దాని మీద ఒకదాన్నొకటి దాటుతూ మడతపడే ఉక్కు చేతులు, ఆ పైన రెయిలింగ్ ఉన్న ప్లాట్‌ఫాం. ఆయిల్ ఒత్తిడితో పని చేసే హైడ్రాలిక్ సిలిండర్ తోస్తే చేతులు విచ్చుకుని ప్లాట్‌ఫాం నిలువుగా పైకి లేస్తుంది. నిచ్చెన కన్నా, పరంజా కన్నా ఇది సురక్షితం. అయితే అది దానిలోని స్విచ్చులు, వాల్వులు, పిన్నులు సరిగా ఉన్నంతవరకే.

"మీటర్ చూడు, 600 గంటలు కూడా తిరగలేదు. కొత్త బండి కింద లెక్క. చార్జింగ్ పెట్టి తీసుకుపోండి" అన్నారు మా ఇన్‌చార్జ్ సార్. లారీకి కిలోమీటర్లు, జనరేటర్‌కు గంటలు చూసే అలవాటు మన అందరిదీ. లిఫ్టుల మాన్యువళ్లలో మాత్రం 3 నెలలు లేదా 150 గంటలు, ఏది ముందు వస్తే అప్పుడు పరీక్ష చేయమని ఉంటుంది. చాలామంది అందులో గంటలు చదివి నెలలు వదిలేస్తారు. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న చోట నెలలే అసలు లెక్క. తిరుగుతున్న యంత్రంలో పిన్నుల దగ్గర గ్రీజు కదులుతుంది, సిలిండర్ రాడ్ మీద ఆయిల్ పొర పడుతుంది, స్విచ్ కాంటాక్టులు ఒకదానికొకటి రాసుకుని శుభ్రపడతాయి. నిలబెట్టేసిన యంత్రంలో ఇవేవీ జరగవు. ఉప్పుగాలి మాత్రం రాత్రీ పగలూ తన పని తాను చేస్తూనే ఉంటుంది.

మా హెల్పర్ పెద్దాయన ఒకప్పుడు చేపల బోట్ల మీద పని చేసిన మనిషి. లిఫ్ట్ మీద కప్పిన పట్టా తీయగానే బ్యాటరీ డబ్బా మూత మీద తెల్లటి పొర చూసి, "బోటు ఇంజన్ని నాలుగు రోజులు వదిలేస్తేనే సెల్ఫ్ తిరగదబ్బయ్యా. ఇది ఎన్నాళ్ల నుంచి ఉండాదో ఈడ" అన్నాడు. పని ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మాటతోనే తేలిపోయింది.

ముందు కాగితాలు. మాన్యువల్ ఎప్పుడూ ప్లాట్‌ఫాం మీది డబ్బాలో ఉండాలి. మా దాంట్లో డబ్బా ఉంది, పుస్తకం లేదు. బండి మీది సీరియల్ నంబర్ పలకను గుడ్డతో తుడిచి, ఆ నంబర్‌కు సరిపోయే మాన్యువల్ కంపెనీ సైట్ నుంచి దించుకున్నాను. ఒకే మోడల్ అయినా సీరియల్ నంబర్‌ను బట్టి వైరింగ్, పరీక్ష పద్ధతి మారుతుంటాయి కాబట్టి మోడల్ పేరు ఒక్కటి చూసి దించుకుంటే సరిపోదు. పాత పరీక్షల రిజిస్టర్ అడిగితే చెక్‌లిస్టుల ఫైలు ఒకటి ఇచ్చారు. అన్నీ ఇంగ్లిష్‌లో అచ్చువేసిన కాగితాలు, అన్ని గళ్లలో టిక్కులు, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో. ఆ ఫైలు చూశాక దాని మీద ఆధారపడకుండా మొదటి నుంచి నేనే చూడాలని నిర్ణయించుకున్నాను.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పరీక్ష అనగానే లిఫ్ట్ ఎత్తి, చేతుల మధ్యకు తల పెట్టి చూసేవాళ్లను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఎత్తిన ప్లాట్‌ఫాం కింద మనిషి ఉన్నప్పుడు దాన్ని పట్టి ఉంచేది హైడ్రాలిక్ ఆయిల్ ఒక్కటే. వాల్వు లీకైనా, ఎవరైనా పొరపాటున అత్యవసర లివర్ లాగినా ఆ ఉక్కంతా కిందికి మూసుకుంటుంది. అందుకే ప్రతి సిజర్ లిఫ్ట్‌కు సేఫ్టీ ఆర్మ్ అనే ఆసరా కడ్డీ ఇస్తారు. ప్లాట్‌ఫాంను ఖాళీగా కొంత ఎత్తి, ఆ కడ్డీని దాని చోట నిలబెట్టి, ప్లాట్‌ఫాం బరువు దాని మీద కూర్చునేలా మెల్లగా దించాలి. ఆ తర్వాత తాళం చెవి తీసి జేబులో వేసుకుని, బ్యాటరీ కనెక్షన్ విడదీసి, అప్పుడు లోపలికి చేయి పెట్టాలి. మా బండిలో ఆ కడ్డీ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. నూనె పోసి, మెల్లగా తట్టి, అది చేత్తో తేలిగ్గా తిరిగేదాకా మిగతా ఏ పనీ ముట్టుకోలేదు. సగం పూట దానికే పోయింది, పోనీ.

అయితే ఎత్తాలంటే ముందు బ్యాటరీలు బతికి ఉండాలి. ఈ బండిలో 6 వోల్టుల బ్యాటరీలు నాలుగు, వరసగా కలిపి 24 వోల్టులు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, ఆకుపచ్చటి పొరను వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టాం. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండా ఈ పని వద్దు, లోపల ఉన్నది యాసిడ్. నీటి మట్టం చూస్తే కొన్ని సెల్స్‌లో ప్లేట్లు బయటపడ్డాయి. ప్లేట్లు మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, చార్జింగ్ పూర్తయ్యాక మిగతా మట్టం నింపాం. చార్జింగ్‌కు ముందే నిండుగా పోస్తే నీళ్లు వ్యాకోచించి పొంగి, యాసిడ్ బయటికి కారుతుంది. చార్జింగ్ పెట్టినప్పుడు బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక నిప్పురవ్వకే పేలుతుంది. అందుకని బండిని గాలి ఆడే చోటికి తోయించి, డబ్బా మూత తెరిచి ఉంచి, బీడీలు సిగరెట్లు ఆ చుట్టుపక్కల లేకుండా చూశాం.

చార్జింగ్ అయ్యాక, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టి ప్రతి సెల్ చూశాను. మంచి సెల్ 1.27 దాటి చూపించాలి. ఒక బ్యాటరీలో ఒక సెల్ 1.15 దగ్గరే ఆగిపోయింది. ఒక్కటే మార్చి మిగతా పాతవాటితో కలిపితే కొత్తదీ తొందరగా చస్తుంది కాబట్టి సెట్ మొత్తం మార్చాలని రాశాను. నెల్లూరులో విచారిస్తే ఒక షాపులో అదే వోల్టేజీ ఉన్న తేలికపాటి బ్యాటరీలు తక్కువ ధరకు చూపించారు. బిల్లు చూసేవాళ్లకు అది లాభంగానే కనిపిస్తుంది. కానీ సిజర్ లిఫ్ట్‌లో బ్యాటరీ పని కరెంటు ఇవ్వడంతో అయిపోదు, కింది బరువుగా నిలబడి బండి ఒరగకుండా కూడా అదే ఆపుతుంది. మాన్యువల్‌లో ఒక్కో బ్యాటరీ కనీసం ఎంత బరువుండాలో ఇస్తారు. ఆ పేజీ ప్రింట్ తీసి పర్చేజ్ వాళ్ల టేబుల్ మీద పెట్టాక తేలిక బ్యాటరీల మాట మళ్లీ రాలేదు.

హైడ్రాలిక్ వైపు పెద్ద చిక్కులు లేవు. ప్లాట్‌ఫాం పూర్తిగా దించి ఉన్నప్పుడు చూడాల్సిన ఆయిల్ మట్టం సరిగానే ఉంది. హోస్ పైపు ఒకటి బ్రాకెట్ అంచుకు రాసుకుని పైపొర పోయి లోపలి తీగల అల్లిక కనిపిస్తోంది, అది మార్చాం. లీకు వెతికేటప్పుడు చేత్తో తడమడం చాలామందికి అలవాటు. సూది మొనంత రంధ్రం నుంచి ఒత్తిడితో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులా కనబడుతుంది కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. ఒక అట్టముక్కను పైపు వెంట జరిపితే చాలు, లీకు ఉంటే అట్ట తడుస్తుంది.

సిలిండర్ రాడ్ చూసినప్పుడు మాత్రం మనసు కుదుటపడలేదు. మెరిసే క్రోమ్ పూత మీద అక్కడక్కడా ఆవగింజంత మచ్చలు. రాడ్ కొంత బయటికి ఉన్న స్థితిలో బండిని వదిలేసినట్టున్నారు, ఉప్పుగాలి ఆ భాగాన్నే పట్టుకుంది. ఆ మచ్చలు గరుకు తేలితే ప్రతి ఎత్తుకూ దింపుకూ, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీలును కొరుకుతాయి. గోరు పెట్టి చూస్తే ఇంకా అడ్డు తగలడం లేదు. వాటి చోటు, పరిమాణం రాసి ఫోటోలు తీసుకున్నాను.

వెల్డింగులు చూడటానికి ముందు దుమ్ము, గ్రీజు, నూనె జిడ్డు అంతా గుడ్డతో, మెత్తటి బ్రష్‌తో తీసేశాం. ప్రెషర్ వాష్ పెడదామని కుర్రాళ్లు అన్నారు, నేను వద్దన్నాను. ఆ నీళ్లు కనెక్టర్లలోకి, కంట్రోల్ బాక్సులోకి దూరితే మరో రోగం మొదలవుతుంది. చేతుల కీళ్ల దగ్గర పెయింట్ ఉబ్బిన ప్రతి చోటా గీకి చూశాం. పైతుప్పే తప్ప పగుళ్లు లేవు. పిన్నులు జారకుండా పట్టే బోల్టులు అన్నీ ఉన్నాయి. చక్రాల నట్లు టార్క్ రెంచితో సరిచూశాం.

ఆ తర్వాత పని చేయించి చూసే పరీక్షలు. నా దృష్టిలో అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఇలాంటి లిఫ్టుల మీద జరిగే పెద్ద ప్రమాదాలు ప్రధానంగా నాలుగు రకాలు: మనిషి పడిపోవడం, బండి ఒరిగిపోవడం, కరెంటు తీగ తగలడం, పైన దూలానికీ రెయిలింగ్‌కూ మధ్య మనిషి నలిగిపోవడం. కరెంటు తీగకు యంత్రంలో విరుగుడు లేదు, దూరంగా ఉండటమే దారి. 50 కిలోవోల్టుల దాకా ఉన్న లైన్లకు కనీసం 3 మీటర్ల దూరం ఉంచమని మాన్యువళ్లు చెబుతాయి, మన 11 కేవీ లైన్లు ఆ లెక్కలోకే వస్తాయి. మిగతా మూడింటికీ యంత్రంలో ఒక గేటో, ఒక స్విచ్చో, ఒక బటనో కాపలా ఉంటుంది. ఆ కాపలా మేలుకునే ఉందా అన్నదే ఈ పరీక్షల్లో చూసేది.

ముందు నేల మీది కంట్రోల్స్‌తో, ప్లాట్‌ఫాం మీద ఎవరూ లేకుండా. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ నొక్కితే అన్నీ ఆగిపోయాయి, సంతోషం. ఎత్తాం, దించాం. తర్వాత కరెంటు పూర్తిగా పోయినా ప్లాట్‌ఫాం దించగలిగే అత్యవసర లివర్. లాగితే కదల్లేదు. వాల్వుకు పోయే కేబుల్ దాని గొట్టంలోనే తుప్పు పట్టి అతుక్కుపోయింది. అంటే పైన మనిషి ఉండగా బ్యాటరీ చచ్చిపోతే దించే దారి లేదన్నమాట. ఆ ఎత్తు నుంచి మనిషి ఏం చేస్తాడు? రెయిలింగ్ దాటి సిజర్ చేతులు పట్టుకుని దిగాలని చూస్తాడు. చెక్‌లిస్టుల ఫైలులో ఆ గడికి ప్రతిసారీ టిక్కే ఉంది.

తర్వాత పాట్‌హోల్ గార్డులు. ప్లాట్‌ఫాం పైకి లేవడం మొదలవగానే బండి అడుగున రెండు పక్కలా ఇనుప పలకలు కిందికి దిగి నేలకు దగ్గరగా నిలుస్తాయి. ఎత్తు మీద ఉండగా చక్రం గుంటలో పడినా బండి ఒరగకుండా ఆ పలకలు నేల మీద ఆనుతాయి. పరీక్ష చాలా తేలిక. పలక కింద దాదాపు 5 సెంటీమీటర్ల చెక్కముక్క పెట్టి ప్లాట్‌ఫాం ఎత్తాలి. పలక పూర్తిగా దిగలేకపోయింది కాబట్టి ప్లాట్‌ఫాం సుమారు 2 మీటర్ల ఎత్తు చేరేలోపే అలారం మోగాలి, బండి ముందుకు నడవకూడదు. మా బండి మోగలేదు. నడిపితే హాయిగా నడిచింది.

సేఫ్టీ ఆర్మ్ పెట్టి, కరెంటు విడదీసి, పలక పూర్తిగా దిగిందో లేదో పసిగట్టే లిమిట్ స్విచ్ మూత విప్పాను. స్విచ్ కాంటాక్టులు ఆకుపచ్చగా మారిపోయి ఉన్నాయి. దాని రెండు వైర్లను చిన్న తీగముక్కతో కలిపి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. స్విచ్ ఎప్పుడో పాడై ఉంటుంది, బండి నడవడం మానేసి ఉంటుంది, పని ఆగకూడదని ఎవరో దాన్ని దాటేసి కలిపేశారు. ఎవరు చేశారో నేను వెతకలేదు. ఎవరైనా సరే, ఆ క్షణాన వాళ్లకు ఎదురుగా కనిపించింది ఆగిపోయిన పని. ఆ తీగ తర్వాత ప్లాట్‌ఫాం ఎక్కిన ప్రతి మనిషీ తనకు తెలియకుండానే తన ప్రాణం పణంగా పెట్టాడు. మా నేల మామూలు నేల కూడా కాదు. నూనె ఒలికే నేల, మధ్యలో డ్రైన్ మూతలు, కొన్ని చోట్ల ఫోర్క్‌లిఫ్టుల బరువుకు కుంగిన కాంక్రీటు.

అప్పుడే ఎర్ర ట్యాగ్ కట్టాను. "వాడరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, తేదీ, కారణం వేసి, తాళం చెవి తీసి స్టోర్‌లో పెట్టి సంతకం తీసుకున్నాను. రేకుల కాంట్రాక్టర్ మనుషులు అప్పటికే వచ్చి కూర్చున్నారు. సార్ ఫోన్ మీద ఫోన్. "పండగ లోపు అవ్వాలి, ఒక్క స్విచ్ కోసం ఆపుతావా?" నాకూ టెన్షనే. స్విచ్ దగ్గరికి రమ్మని పిలిచాను. ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, నేను మూత తీసి చూపించిన తీగముక్కను చాలాసేపు చూశారు. "ఇది ఉండగా మనోళ్లు ఎక్కారా?" అని అడిగారు. ఎక్కారు సార్ అన్నాను. ఆ తర్వాత ఆయనే పర్చేజ్‌కు ఫోన్ చేసి స్విచ్, కేబుల్ చెన్నై నుంచి తెప్పించమన్నారు. ఆ ఒక్క పని నేను వంద ఈమెయిళ్లతో చేయించలేకపోయేవాణ్ని. నిర్ణయం తీసుకునేవాళ్లకు రిపోర్ట్ పంపి ఊరుకోవద్దు, పాడైన భాగం దగ్గరికి తీసుకువచ్చి చూపించండి.

విడిభాగాలు వచ్చాక మిగతా పరీక్షలు చేశాం. ఒక పక్క రెండు చక్రాల కిందా చెక్కలు పెట్టి బండిని వాల్చి, కింద నిలబడే ప్లాట్‌ఫాం ఎత్తితే కొంత ఎత్తులో టిల్ట్ అలారం మోగి ఆగిపోవాలి, ఆగింది. ఈ రకం బండ్లకు పక్కవాటుగా 1.5 డిగ్రీలు, ముందు వెనకలకు 3 డిగ్రీలే హద్దు. కంటికి సమంగా కనబడే నేల కూడా ఆ హద్దు దాటేసి ఉండొచ్చు. అలారం ఊరికే మోగుతోందని విసుక్కునే ఆపరేటర్లకు ఈ అంకెలు చెప్పండి, వాళ్ల చిరాకు సగం తగ్గుతుంది.

ఇక బయటి పరీక్ష. చట్టం ఏమంటుందో కొంత చదివాను. అప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 1948లో 28వ సెక్షన్ హాయిస్టులు, లిఫ్టుల గురించి. వాటికి 6 నెలలకోసారి కాంపిటెంట్ పర్సన్ (ఇలాంటి పరీక్షలకు ప్రభుత్వ గుర్తింపు ఉన్న నిపుణుడు) పరీక్ష చేయాలని ఉండేది. కానీ గైడ్ల (దారి పట్టి ఉంచే పట్టాల) మధ్య కదిలే ప్లాట్‌ఫాం ఉంటేనే అది ఆ సెక్షన్‌లోకి వచ్చేది. 29వ సెక్షన్ ఎత్తే యంత్రాల గురించి, 12 నెలలకోసారి పరీక్ష. అందులో క్రేన్, వించ్, పుల్లీ బ్లాక్ లాంటి పేర్లే ఉండేవి. సిజర్ లిఫ్ట్ రెండింటి మధ్యా ఇరుక్కుంది. బ్రిటన్‌లో మనుషులను ఎత్తే పరికరాలకు 6 నెలలకోసారి క్షుణ్ణంగా పరీక్ష చేయాలని వాళ్ల నియమాలు చెబుతాయి. మా దగ్గరికి వచ్చిన కాంపిటెంట్ పర్సన్ గారితో ఇదే చర్చించాను. బస్తాలను ఎత్తే యంత్రానికి ఏడాదికోసారి చూస్తూ, మనుషులను ఎత్తే దానికి అంతకన్నా తక్కువ చూడటం న్యాయం కాదని ఇద్దరం ఒప్పుకుని 6 నెలలు ఖాయం చేసుకున్నాం.

ఆయన పరీక్ష చూడటం నాకు పాఠం. రెయిలింగ్ అంతా చేత్తో ఊపి చూస్తూ వచ్చి, మడిచే రెయిలింగ్ పిన్ను ఒకటి లేదని, ఆ స్థానంలో బైండింగ్ వైర్ కట్టారని పట్టుకున్నారు. గేటు దానంతట అదే మూసుకోవాలి, వదిలితే సగంలో ఆగింది. ఎంత బరువు, ఎంతమంది అని చెప్పే స్టిక్కర్ ఎండకు వెలిసిపోయింది. బరువు పరీక్షకు ప్యాకింగ్ షెడ్డు కాంటా మీద బియ్యం బస్తాలు తూచి, 230 కిలోల హద్దు దాకా ప్లాట్‌ఫాం మీద పేర్చాం. ఎత్తి ఆపి, ప్లాట్‌ఫాం అంచుకు సమంగా గోడ మీద సుద్దముక్కతో గీత గీసి వదిలేశాం. ప్లాట్‌ఫాం గీత కిందికి జారలేదు. అంటే వాల్వులు పట్టు వదలడం లేదు. హద్దు దాటించి ఇంకా బస్తాలు పెడితే అలారం మోగి, ఎత్తడం ఆగింది. రెండు మూడు చిన్న లోపాలు సరిచేశాకే ఆయన సంతకం చేశారు. సంతకం కన్నా ఆయన రాసిచ్చిన లోపాల జాబితానే నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మా సిజర్ లిఫ్ట్ లోపల వాడటానికి మాత్రమే. దాని ప్లేట్ మీద అనుమతించే గాలి వేగం సున్నా అని ఉంది. మామూలుగా గోడౌన్ లోపలే కదా అనిపిస్తుంది. కానీ రేకులు లేచిపోయి, రెండు వైపులా షట్టర్లు తెరిచి ఉన్న గోడౌన్‌లోకి సముద్రపు గాలి సూటిగా వస్తుంది. చేతిలో రేకు పట్టుకున్న మనిషి తెరచాప ఎత్తిన పడవలాంటివాడు. అందుకని పనిని రెండుగా చీల్చాం. రేకులున్న భాగంలో, షట్టర్లు మూసి, లైట్లు క్లాంపుల పని సిజర్ లిఫ్ట్‌తో. రేకుల పని బయటి నుంచి, అద్దెకు తెచ్చే డీజిల్ బూమ్ లిఫ్ట్‌తో, అంటే పొడవాటి చేయి చివర మనిషి నిలబడే బుట్ట ఉన్న బండితో. బయటి పనికి అనుమతి ఉన్న బూమ్‌లు సాధారణంగా సెకనుకు 12.5 మీటర్ల గాలి వరకు, అంటే గంటకు 45 కిలోమీటర్లు. చేతిలో పట్టుకునే గాలి మీటర్ ఒకటి కొన్నాం, ఎక్కే ముందు ఒకసారి, మధ్యాహ్నం గాలి మళ్లాక ఒకసారి చూసి రాయడం మొదలుపెట్టాం.

అద్దెకు వచ్చిన మొదటి బూమ్ లిఫ్ట్ పత్రాలన్నీ సరిగ్గా ఉన్నాయి. గేటు దగ్గరే ఇంజన్ ఆపించి, అత్యవసర పంపుతో బూమ్ దించమన్నాను. దిగలేదు. డ్రైవర్ "కొంచెం ఎక్కువసేపు నొక్కాల సార్" అన్నాడు. నొక్కినా దిగలేదు. వెనక్కి పంపించేశాం. సాయంత్రానికి వేరే బండి వచ్చింది, దాన్నీ అలాగే చూశాం, అది దిగింది. బూమ్‌లో ఎక్కినవాళ్లకు హార్నెస్ (ఒంటికి బిగించే సేఫ్టీ బెల్టు) తప్పనిసరి, దాని తాడు లాన్యార్డ్‌ను పొట్టిగా బిగించి బుట్టలోని యాంకర్‌కే తగిలించాలి. చక్రం ఒక చిన్న గుంటలో దిగినా బూమ్ చివర బుట్ట కొరడా జళిపించినట్టు ఊగి మనిషిని బయటికి విసిరేస్తుంది. రేకుల కుర్రాళ్లలో ఒకడు లాన్యార్డ్‌ను పైకప్పు పర్లిన్‌కు (రేకులను మోసే అడ్డ దూలానికి) తగిలించబోతే కిందికి దింపించి, ఎందుకు కూడదో చూపించాం. బూమ్ కదిలితే తాడు మనిషిని బుట్టలోంచి లాగేస్తుంది.

పాత చెక్‌లిస్ట్ పక్కన పెట్టి, ఆపరేటర్లతో కూర్చుని తెలుగులో కొత్తది రాశాను. "గార్డ్ రెయిల్స్ ఓకే" లాంటి మాటలు తీసేశాం. వాటి చోట చూసి తీరాల్సిన ప్రశ్నలు పెట్టాం. గేటు వదిలితే దానంతట అది మూసుకుందా? ఎర్ర బటన్ నొక్కినప్పుడు మోటార్ ఆగిందా? అత్యవసర లివర్ లాగితే ప్లాట్‌ఫాం దిగిందా? కింద నూనె చుక్కలు ఉన్నాయా, ఉంటే ఎక్కడ? ఇవాళ వెళ్లే దారిలో గుంటలు, డ్రైన్ మూతలు, పైన దూలాలు, తీగలు ఏవి? ఈ ప్రశ్నలకు టిక్కు పెట్టి తప్పించుకోలేరు, అవును కాదు రాయాలి, చివరి రెండింటికి మాటల్లో రాయాలి. ఎక్కబోయే మనిషే రాయాలని పెట్టాం. పైకి పోయేది తానే అయినప్పుడు చూసే చూపు వేరు. ఏ ప్రశ్నకైనా "కాదు" వస్తే బండి ఆపే అధికారం ఆపరేటర్‌కే ఉందని సార్ సంతకంతో నోటీసు బోర్డులో పెట్టించాను. అది లేకపోతే మిగతా కాగితాలన్నీ వృథా అని నా గట్టి అభిప్రాయం.

ఉప్పుగాలికి మేం చేసుకున్న ఏర్పాట్లు ఖరీదైనవి కావు. పని ఉన్నా లేకపోయినా వారానికోసారి బండిని పూర్తి ఎత్తుకు ఎత్తి దించి, నడిపి, అన్ని స్విచ్చులూ పని చేయించడం. మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో తడి తీసేయడం. కనెక్టర్లకు వాటి కోసం దొరికే గ్రీజు, టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ పట్టించడం. ఆపేటప్పుడు రాడ్ పూర్తిగా లోపలికి పోయేలా ప్లాట్‌ఫాం దించడం. కింద గాలి ఆడకుండా పట్టా చుట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది కాబట్టి పైన మాత్రమే కప్పడం. మాన్యువల్‌లోని 3 నెలల పరీక్షను మా దగ్గర నెలకు తెచ్చాం. అవర్ మీటర్ అంకెను ఇప్పటికీ రాస్తాం, కానీ పరీక్ష తేదీని క్యాలెండర్ చూసే నిర్ణయిస్తాం.

పండగ తర్వాత ఒకరోజు ఉదయం షిఫ్ట్ ఆపరేటర్ ఫోన్ చేశాడు. "అన్నా, గేటు మళ్లీ సగంలో ఆగిపోతా ఉండాది. కాదు అని రాసినా, తాళం నా దగ్గరే పెట్టుకున్నా." స్ప్రింగు తుప్పు పట్టి బలం పోయింది. స్టెయిన్‌లెస్ స్ప్రింగు వేసి, పని చేయించి చూసి, ఆ కాగితం కిందే ఇద్దరం సంతకాలు పెట్టాం. సిలిండర్ రాడ్ మీది మచ్చలను ప్రతి నెలా అదే చోట, అదే వెలుతురులో ఫోటో తీస్తున్నాను. ఇప్పటికైతే పెరగలేదు. గోరుకు అడ్డు తగిలిన రోజు సీళ్లతో సరిపెట్టకుండా రాడ్‌తో సహా సిలిండర్ మార్చాలని కొటేషన్ ముందే తెప్పించి ఫైలులో పెట్టాను.